ఇరవై ఏడో టేపు

అన్యాయం ఎవరికి జరిగింది? థెల్మా క్విస్ట్‌కు. ఎలా జరిగింది? నలభై రెండు మంది వాద్యకారుల ఎదుట, పదకొండు నిమిషాల పాటు, నిలబెట్టి జరిగింది. చేసినవాడు లైల్ హార్ట్‌విగ్. చూస్తూ నవ్వినవాళ్ళు ఆ నలభై రెండు మందీ. ఇందులో చిక్కుముడి ఏమీ లేదు. నేరం ఉంది, నేరస్థుడు ఉన్నాడు, సాక్ష్యం కూడా ఉంది. సాక్ష్యం వినేవాళ్ళు దొరకడానికి మాత్రం నలభై ఒక్క సంవత్సరాలు పట్టింది.

1976 మార్చి నెల. బర్బాంక్‌లోని ఒక రికార్డింగు హాలు. ‘పెలికన్ రీఫ్’ అనే టీవీ ధారావాహిక మూడో ఏడు పూర్తి కావస్తున్నది. ప్రతి శుక్రవారం సాయంత్రం తెర మీద ‘సంగీతం: లైల్ హార్ట్‌విగ్’ అని పడేది. థెల్మా పేరు ఎక్కడా పడేది కాదు. ఆమెది నకలు రాసే పని. సంగీతకర్త పెన్సిలుతో రాసిన పెద్ద కాగితాల నుంచి ఒక్కొక్క వాద్యానికీ విడివిడిగా, సిరాతో, అందంగా రాసి ఇవ్వాలి. ఆ పనికి ఒకే ఒక ధర్మం: ఉన్నది ఉన్నట్టు రాయడం. ఒక్క స్వరం తమ ఇష్టానుసారం మార్చారని పేరు పడితే ఆ ఊళ్ళో వాళ్ళకు మళ్ళీ ఎవరూ కాగితం ఇవ్వరు.

అయితే రెండో ఏడు నడుమ నుంచి ఆ పెన్సిలు కాగితాలు కూడా ఆమే రాస్తున్నది. మొదట హార్ట్‌విగ్, స్వరాల కాగితం మీద ఖాళీగా మిగిలిన గడులు చూపి, “ఈ నాలుగు బార్లు పూర్తి చెయ్యి పిల్లా, గోల్ఫుకి టైమైంది” అన్నాడు. తరువాత, “ఈ వారం పడవ మునిగే సీను నువ్వు చూసుకో” అన్నాడు. ఆ తరువాత చెప్పడం కూడా మానివేశాడు. ఆ విధంగా ముప్పై ఒక్క భాగాల సంగీతం, రెసీడాలోని రెండు గదుల ఇంట్లో, వంటబల్ల మీద పుట్టింది.

ఆఖరి భాగం రికార్డింగుకు ముందురోజు థెల్మా అతని గదికి వెళ్ళి ఒక్క మాట అడిగింది.

“రేపటి భాగానికి నా పేరు కూడా వెయ్యండి, మిస్టర్ హార్ట్‌విగ్. ఒక్కదానికే. మిగతావి అడగను.”

హార్ట్‌విగ్ నవ్వాడు. “అలాగేలే. రేపు అందరి ముందే తేలుద్దాం” అన్నాడు.

మరునాడు ఆమెను కాఫీ తెమ్మని పంపాడు. ఆమె తిరిగి వచ్చేసరికి వాద్యకారులు సిద్ధంగా ఉన్నారు. అద్దం వెనుక నుంచి ఇంజనీరు ఆటో జెలింకా గొంతు, “అరవై ఒకటో భాగం, దీపస్తంభం వీడ్కోలు, మొదటిసారి” అని ప్రకటించింది. పద్దెనిమిది బార్లు సముద్రం మీద పొద్దు వాలినట్టు నడిచాయి. పంతొమ్మిదో బార్‌లో మొదటి హార్న్, ఆ పెద్ద ఇత్తడి బూర, ఒక అపస్వరాన్ని కూసింది. పీక నొక్కిన బాతు అరుపు అది.

“ఆపండి, ఆపండి! ఏమైంది బడ్, నిన్న రాత్రిది ఇంకా దిగలేదా?” అన్నాడు హార్ట్‌విగ్.

“కాగితంలో ఇలాగే ఉంది సార్” అన్నాడు హార్న్ వాయించే బడ్ ఓస్ట్రాండర్, ఆ కాగితంలోకే చూస్తూ.

“కాగితం రాసిందెవరు? థెల్మా, ఇలా రా.”

ఆమె వెళ్ళి చూసింది. తాను రాసిన స్వరం పక్కన తనది కాని సిరాతో, తనది కాని చేతితో, స్వరాన్ని మార్చే చిన్న గుర్తు ఒకటి ఉంది. “ఇది నేను పెట్టలేదు” అంది.

“మరి? రాత్రి దయ్యం వచ్చి పెట్టిపోయిందా?”

హాలంతా నవ్వింది. హార్ట్‌విగ్ అద్దం వైపు తిరిగి చూపుడువేలితో గాలిలో అడ్డంగా ఒక గీత గీశాడు. అది అతని అలవాటు. తన మాటలు టేపు మీదికి ఎక్కడం అతనికి ఇష్టం లేదు. ఆ గీత పడగానే ఇంజనీరు యంత్రాన్ని ఆపాలి. అద్దం వెనుక ఆటో తల ఊపాడు.

థెల్మా పక్కనున్న కుర్చీ పట్టుకుంది.

“నకలు రాసేవాళ్ళకి ఇక్కడ కుర్చీ లేదు పిల్లా. నిలబడి చదువు. మొదటి బార్ నుంచీ చివరిదాకా. ఒక్కో స్వరం పేరు చెప్పు. ప్రతి బార్ అయ్యాక ‘ఇది నేను రాసిందే’ అను. నీ పేరు కావాలన్నావుగా? అందర్నీ విననీ.”

అరవై నాలుగు బార్లు. పదకొండు నిమిషాలు. ‘ఇది నేను రాసిందే’ అని అరవై నాలుగుసార్లు. ఆ మాట అక్షరాలా నిజం. తన నిజాన్ని తన నోటితోనే నేరంగా ఒప్పుకోవలసి రావడం ఎటువంటి శిక్షో ఆ హాలులో ఆమెకు, హార్ట్‌విగ్‌కు మాత్రమే తెలుసు. తక్కినవాళ్ళకు అది విరామంలో దొరికిన వినోదం. చివరి బార్ అయ్యాక అతను ఆమె నకళ్ళ కట్టను స్టాండు మీద నుంచి తోసివేశాడు. కాగితాలు కుర్చీల మధ్య, బూట్ల మధ్య చెదిరి పడ్డాయి.

“ఇక వెళ్ళి కాగితాలు సర్దుకో.”

ఆమె వంగి ఏరుకుంది. చెల్లో వాయించే ఒకాయన బూటు కింద ఒక కాగితం ఉండిపోయింది. ఆయన కాలు ఎత్తలేదు.

ఆ తరువాత ఆమెకు ఎవరూ పని ఇవ్వలేదు. పెన్సిలు కాగితాలు తన చేతిరాతలోనే ఉన్నాయని నిరూపిద్దామంటే, వాటిని హార్ట్‌విగ్ అప్పటికే ఇంటికి పట్టుకుపోయాడు. స్టూడియోకు మూడు ఉత్తరాలు రాసింది. ఆ పేరు గల ఉద్యోగి ఎవరూ లేరని మూడుసార్లూ జవాబు వచ్చింది. వాన్ నైస్‌లోని ఒక బట్టల దుకాణంలో పంట్లాముల అంచులు కుట్టే పనిలో చేరి అక్కడే ఇరవై మూడేళ్ళు గడిపింది. ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేది. సొంతంగా మళ్ళీ ఒక్క బార్ కూడా రాయలేదు.

1989లో ఆటో జెలింకా నుంచి ఒక కార్డు వచ్చింది.

‘ఆ రోజు నువ్వు కాఫీకి వెళ్ళినప్పటి నుంచి, కాగితాలు ఏరుకుని తలుపు దాటేదాకా యంత్రం ఆపలేదు. వాడు గీత గీశాడు. నేను తల ఊపాను. ఆపలేదు. ఇరవై ఏడో డబ్బా. నువ్వు లేనప్పుడు వాడు అన్నదీ అందులో ఉంది. అప్పుడు చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ధైర్యంతో పని లేదు, కాలేయం పోయింది. ఆటో.’

కార్డు చేరిన పన్నెండో రోజున అతను చనిపోయాడు.

డబ్బా ఉంది, కాని అది ఏ గిడ్డంగిలో ఉందో ఎవరికీ తెలియదు. దాన్ని వెతికించగల శక్తి ఆమెకు లేదు. అటువంటి శక్తి ఎవరికైనా ఉందా అని ఆలోచిస్తూ తొమ్మిదేళ్ళు గడిపింది.

1998లో రెసీడా గ్రంథాలయంలో కంప్యూటర్లు పెట్టారు. అరవయ్యో ఏట థెల్మా ఒకదాని ముందు కూర్చుని, విడుదల కాని సినిమా, టీవీ సంగీతాల కోసం తపించేవాళ్ళ గుంపు ఒకటి ఉందని కనుగొంది. విడుదల కావాలని వాళ్ళు కోరుకునే సంగీతాలకు ఒక జాబితా ఉంది. అందులో ‘పెలికన్ రీఫ్’ స్థానం నూట నలభై మూడు. ఎవరో టీవీ ముందు క్యాసెట్టు పెట్టి పట్టుకున్న పాట, మాటలతో, అలల హోరుతో, కుక్క మొరుగుళ్ళతో సహా వాళ్ళ మధ్య తిరుగుతున్నది. దానికే ప్రాణం పెడుతున్నారు.

శక్తి ఎవరిదో థెల్మాకు అప్పుడు అర్థమైంది.

‘రెండో హార్న్’ అనే పేరు పెట్టుకుని రాయడం ప్రారంభించింది. తుఫాను సన్నివేశంలో పియానో తంత్రుల మీద ఇనుప గొలుసు పరిచారని రాసింది. దీపస్తంభం సంగీతంలో మూడు పెద్ద వేణువులు ఉన్నాయనీ, టీవీ స్పీకరులో అవి ఎవరికీ వినపడలేదనీ రాసింది. ఒక్క అబద్ధం కూడా రాయలేదు. నన్‌ల దగ్గర చదువుకున్న మనిషి. ఆకలితో ఉన్నవాళ్ళ ముందు అన్నం వండుతూ, వడ్డించకుండా, పంతొమ్మిది సంవత్సరాలు గడిపింది. నూట నలభై మూడు తొంభై అయింది, ముప్పై అయింది, చివరికి ఒకటి అయింది.

ఆ గుంపులోనే ఆమెకు మరొక సంగతి కూడా తెలిసింది. హార్ట్‌విగ్ ప్రతి అభిమానుల సభలోనూ ఒక హాస్యకథ చెబుతున్నాడు. ‘నా దగ్గర ఒక స్వీడన్ పిల్ల ఉండేది, నకలు రాసేది, తనే పెద్ద సంగీతకర్తననుకునేది…’ అని మొదలుపెట్టి, హార్న్ కూతను నోటితో కూసి చూపేవాడు. జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఏ సంగీతంలో అపస్వరం దొర్లినా వాళ్ళు దానిని ‘థెల్మా తప్పు’ అనడం అలవాటు చేసుకున్నారు. ఆ మాట ఆమె తెర మీద వందలసార్లు చదివింది. ప్రతిసారీ చల్లగా, తరువాతి వాక్యం టైపు చేసింది.

ఆమెకు ఇప్పుడు కావలసింది ఒక్కటే. హార్ట్‌విగ్ బతికి ఉండగా, పదిమందిలో నిలబడి ఉండగా, ఆ టేపు వినాలి. అతనికి ఎనభై ఎనిమిదేళ్ళు. ఆమెకు డెబ్బై తొమ్మిది. ప్రతి ఉదయం పత్రికలో చావు వార్తల పేజీ ముందు తెరిచేది. అతని పేరు లేకపోతేనే కాఫీ తాగేది.

2017 ఏప్రిల్‌లో వార్తాన్ కసబియన్ ఆమె తలుపు తట్టాడు. గ్లెండేల్ మనిషి, నలభై అయిదేళ్ళ వాడు. పాత సంగీతాలను డిస్కులుగా వెలువరించే చిన్న కంపెనీ నడుపుతున్నాడు. చేతిలో వాళ్ళ అమ్మ చేసిన గాటా రొట్టె పొట్లం.

“మిస్ క్విస్ట్ అంటే మీరేనా మేడమ్? మా గుంపులో రెండో హార్న్ అని ఒకాయన ఉన్నాడు. మీ అడ్రసు ఆయనే ఇచ్చాడు.” కూర్చున్నాక కొంచెం తటపటాయించాడు. “మీరు… ఆ థెల్మానా? అదే, ‘థెల్మా తప్పు’…” అనేసి చెవులదాకా ఎర్రబడ్డాడు.

“ఆ థెల్మానే. రొట్టె అక్కడ పెట్టు. ఏం దొరికింది?”

“ముప్పై ఒక్క డబ్బాలు! ఉప్పుగాలి తగిలే గిడ్డంగిలో, అడుగున. కాని డబ్బాల మీద నంబర్లు తప్ప ఏమీ లేవు. నోట్స్ కాగితాలన్నీ ఎప్పుడో చెత్తలారీ ఎక్కించేశారట. ఏది ఏ సీనో నాకు ఎలా తెలుస్తుంది? మిస్టర్ హార్ట్‌విగ్‌ని అడిగితే, ‘నాకేం గుర్తుంటుందయ్యా, అన్నీ ఆవేశంలో రాసినవి’ అన్నారు.”

“ఆవేశంలో” అంది థెల్మా. “సరే. నేను చెబుతాను. ముప్పై ఒక్కటీ చెబుతాను. డబ్బులొద్దు. ఒక్క షరతు. టేపు మీద ఉన్నది ఒక్క క్షణం కూడా కొయ్యకూడదు. చెడిపోయినవీ, మధ్యలో మాటలూ, దగ్గులూ, అన్నీ ఉండాలి.”

కసబియన్ గట్టిగా నవ్వాడు. “అయ్యో మేడమ్, మా వాళ్ళ సంగతి మీకు తెలీదు. ఎవడో తుమ్మితే ఆ తుమ్ము కోసినా నన్ను కోస్తారు! పైగా అందరికీ కావలసింది… మీరేమీ అనుకోకండి… ఆ అపస్వరమే.”

“ఆయన సంతకం?”

“ఆయనే ముందు అడిగారు. ఆ కథ నలభై ఏళ్ళుగా చెబుతున్నా, కూత ఎవరికీ వినిపించలేకపోయా అన్నారు. ‘ఉన్నదంతా వెయ్యి, నాకు దాపరికం లేదు’ అని సంతకం పెట్టారు. సెప్టెంబరులో హాలు తీసుకుని పెద్ద సభ పెడుతున్నాం. ముందు ఆ కూత, తర్వాత అసలు సంగీతం. ఆయన అలవాటు ప్రకారం టేపుకి నిలబడి చెయ్యి ఊపుతారు. కుర్చీ వేస్తామంటే తిట్టారు, ఆర్కెస్ట్రా నడిపేవాడు కూర్చోడు అని.”

థెల్మా రొట్టె ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది. “మీ అమ్మ బాగా చేసింది” అంది.

జూన్‌లో బడ్ ఓస్ట్రాండర్ ఫోను చేసి టోలూకా లేక్‌లోని ఒక కాఫీ హోటలుకు రమ్మన్నాడు. ఎనభై నాలుగేళ్ళు. పెదవులు వదులైపోయాయి. హార్న్ వాయించి చాలాకాలమైంది.

“ఏం థెల్మా, ఇంకా పోలేదా నువ్వు?”

“నీ కోసమే ఆగాను బడ్. చెర్రీ పళ్ళు కూరిన ఆ ‘పై’ తిను. డాక్టరు వద్దన్నాడా?”

“అన్నాడు. అందుకే రెండు చెప్పాను.” అతని ఫోర్కు పళ్ళెంలో కాసేపు తిరిగింది. “సభకి రమ్మని నాకూ ఉత్తరం వచ్చింది. ఆ రోజు వాయించినవాళ్ళలో ఏడుగురం మిగిలాం. స్టేజీ మీద కూర్చోబెడతారట… థెల్మా, ఆ టేపులో కూత ఒక్కటేనా? ఇంకేమైనా ఉందా?”

“ఉన్నదంతా ఉంది.”

ఫోర్కు ఆగిపోయింది. బడ్ పళ్ళెం పక్కకు నెట్టాడు.

“నాకు ముగ్గురు పిల్లలు అప్పటికి. లైల్ కాదంటే ఊళ్ళో ఎవడూ పిలిచేవాడు కాదు. నీకు తెలీదా?”

“తెలుసు. నన్ను కూడా ఎవరూ పిలవలేదు.”

“అది కాదు… నేనిప్పుడు లైల్‌కి చెబితే? వాడు ఆపించేస్తాడు.”

“చెప్పు. వెళ్ళి ఏమని చెబుతావు? ‘మనిద్దరం చేసింది బయటపడుతోంది’ అనా? అప్పుడు నువ్వేం చేశావో నీ పిల్లలకి కూడా చెప్పాలి.” ఆమె కాఫీలో పాలు కలుపుకుంది. “నీకు బాగా చేతనైన పని ఒకటుంది బడ్. నోరు మూసుకోవడం. నలభై ఏళ్ళు నా మీద చేశావు. ఇంకో మూడు నెలలు వాడి మీద చెయ్యి.”

బడ్ రెండో ‘పై’ ముట్టుకోలేదు. థెల్మా దానిని పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ కాలపు టేపులను ఉన్నపళంగా తిప్పితే పొర జిగురై ఊడిపోతుంది. సన్నని వేడి మీద, పొయ్యిలో, గంటల తరబడి కాచాలి. అప్పుడు కొద్దిసార్లు మాత్రం పలుకుతాయి. కసబియన్ ఒక్కొక్క డబ్బానూ కాచి, కంప్యూటరులోకి ఎక్కించి, ఆమెకు పంపేవాడు. ఆమె విని, ఏది ఏ సన్నివేశమో రాసి పంపేది. ఆగస్టు చివరి వారంలో ఇరవై ఏడో టేపు వంతు వచ్చింది. అది పంపడానికి బదులు, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, అతనే వచ్చాడు. రొట్టె తేలేదు.

“మీకు ముందే తెలుసు” అన్నాడు గుమ్మంలోనే.

“తెలుసు.”

“రెండో హార్న్ కూడా మీరే. ఆ వేణువుల సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? ఛ, ఎంత వెర్రివాణ్ణి!” అతను గోడకు ఆనుకున్నాడు. “మేడమ్, ఇది జనం ముందు వెయ్యలేను. ఆయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. గుండెకి యంత్రం ఉంది. నేను చెప్పేది వినండి. పుస్తకంలో ‘సంగీతం: థెల్మా క్విస్ట్’ అని వేస్తాను. ముప్పై ఒక్క భాగాలకీ. ఆయన పోయాక. రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. అంతవరకూ ఆ పదకొండు నిమిషాలూ పక్కన పెడదాం.”

“నా పేరు నాకు 1976లో కావలసింది. ఇప్పుడు దానితో ఏం చేసుకోను? సమాధి మీద చెక్కించుకోనా?”

“మరేం కావాలి మీకు?”

“వాడు వినాలి. నిలబడి వినాలి. నేను నిలబడ్డంతసేపు.”

“అది పగ మేడమ్.”

“కాదు, కొలత. ఎక్కువ అడిగానా? పన్నెండు నిమిషాలు అడిగానా?”

కసబియన్ కళ్ళు తుడుచుకున్నాడు. “మా నాన్న ఆసుపత్రిలో ఆఖరి వారం మాట పోయింది. ఆ దీపస్తంభం పాట ఒక్కటే కూనిరాగం తీసేవాడు. నేను హార్ట్‌విగ్ గారికి ఉత్తరం రాస్తే ఫొటో మీద సంతకం పెట్టి పంపారు. అది మా ఇంట్లో గోడ మీద ఉంది. అలాంటి మనిషిని నా చేత్తో…”

“ఆ పాట నేను రాశాను. ఈ బల్ల మీద. మీ నాన్న నోట్లో ఆఖరిదాకా ఉన్నది నేను. వాడి ఫొటో గోడకి తగిలించావు. నాకు ‘థెల్మా తప్పు’ అని పేరు పెట్టావు. ఇప్పుడు నువ్వే చెప్పు నాయనా, నీ చెయ్యి ఎవరి వైపు ఉండాలో.”

అతను చాలాసేపు బల్లవైపు చూశాడు. మచ్చలు పడిన సాధారణమైన వంటబల్ల. తరువాత వెళ్ళిపోయాడు. అతను ఏమి చేస్తాడో సభ నాటి వరకూ ఆమెకు తెలియలేదు. ఫోను చేసి అడగలేదు కూడా.

సెప్టెంబరు ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. బర్బాంక్‌లోని ఆ హాలులో అయిదు వందల మంది ఉన్నారు. కొందరు పెలికన్ బొమ్మల చొక్కాలు తొడుక్కొని ఒరెగాన్ నుంచి, టెక్సస్ నుంచి వచ్చారు. వేదిక మీద ఒకవైపు టేపు యంత్రం, దాని వెనుక కసబియన్. మరొకవైపు ఏడుగురు ముసలి వాద్యకారులు; చివరి కుర్చీలో బడ్. థెల్మా ముందు వరుసలో అంచున, బూడిద రంగు గౌనులో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు.

హార్ట్‌విగ్ నడకబండి తోసుకుంటూ వచ్చాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అతను ఉపన్యాసం అట్టముక్కలు స్టాండు మీద పెట్టుకుని కథ మొదలుపెట్టాడు.

“నా దగ్గర ఒక స్వీడన్ పిల్ల ఉండేది. బలే చేతిరాత! బుర్రలో మాత్రం… సరే, ఆడపిల్ల, ఎందుకులే.” నవ్వులు. “ఒకరోజు నా దగ్గరికొచ్చి, సంగీతం నేను రాస్తున్నానంది! మర్నాడు ఏం రాసిందో వినండి. మీరు నలభై ఏళ్ళుగా అడుగుతున్నారు. ఇదిగో, కని విని ఎరగని థెల్మా తప్పు! కానీ, బాబూ.”

నడకబండి వదిలి ఎడమచేత్తో స్టాండు పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తాడు. కసబియన్ మీట నొక్కాడు.

హార్న్ కూత కోసం చెవులు రిక్కించిన అయిదు వందల మందికి ముందు ఒక తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తరువాత హార్ట్‌విగ్ గొంతు, నలభై ఒక్క ఏళ్ళ చిన్నది, స్పష్టంగా:

‘వెళ్ళిందా? ఆ కాగితం ఇలా ఇవ్వు బడ్. పంతొమ్మిదో బార్‌లో నేనో గుర్తు పెడుతున్నా, అలాగే వాయించు. ముప్పై భాగాలు రాసిందట, పేరు కావాలట. రాసింది, నిజమే, నాకంటే బాగానే రాసింది, అయితే? కుక్క బండి లాగితే బండి కుక్కదవుతుందా? ఇవాళ దీని చేత ఈ ఊరు విడిపించేస్తాను.’

నవ్వులు. తరువాత బడ్ గొంతు: ‘అలాగే సార్.’

హాలులో ఎవరో ‘అయ్యో’ అన్నారు. పైకెత్తిన చెయ్యి గాలిలో ఉండిపోయింది. హార్ట్‌విగ్ కసబియన్ వైపు తిరిగి చూపుడువేలితో గాలిలో అడ్డంగా గీత గీశాడు. కసబియన్ అతన్ని చూశాడు. ముందు వరుస అంచున కూర్చున్న బూడిద రంగు గౌనును చూశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

యంత్రం తిరుగుతూనే ఉంది.

కూత వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ‘నిలబడి చదువు’ అన్న మాట వచ్చింది. ఆ తరువాత ఒక యువతి సన్నని గొంతు స్వరాల పేర్లు చదవసాగింది. ‘ఇది నేను రాసిందే.’ మళ్ళీ స్వరాలు. ‘ఇది నేను రాసిందే.’

ఇరవయ్యో బార్ దగ్గర హార్ట్‌విగ్ కుర్చీ కోసం చుట్టూ చూశాడు. వేదిక మీద ఖాళీ కుర్చీ లేదు, తానే వద్దన్నాడు. నడకబండి నాలుగడుగుల దూరంలో ఉంది. “ఆపవయ్యా, ఆపు” అన్నాడు. “బడ్… నువ్వయినా చెప్పు” అన్నాడు. బడ్ తన బూట్లవైపు చూస్తూ కూర్చున్నాడు. అతనికి బాగా చేతనైన పనే చేశాడు.

నలభయ్యో బార్ దగ్గర ముసలివాని మోకాళ్ళు వణకసాగాయి. స్టాండుతో సహా వణికాడు. రెండో వరుస నుంచి అతని కూతురు లేచి, థెల్మా పక్క నుంచి పరుగున వెళ్ళబోయి, ఆ సన్నని గొంతు మరొకసారి ‘ఇది నేను రాసిందే’ అనడం విని, ఎందుకో ఆగిపోయింది. నడవాలో అలాగే నిలబడిపోయింది. ఏ అడ్డూ లేని ఆ నాలుగడుగులు నడవడానికి హాలులో మరెవరికీ కాళ్ళు రాలేదు. నలభై ఏళ్ళు పొగిడిన నోళ్ళు ఇప్పుడు తెరుచుకుని చూస్తున్నాయి. కొందరి ముఖాల్లో జాలి లేదు. వాళ్ళు అడిగినది కొయ్యకుండా దొరికింది.

థెల్మా చేతి గడియారం చూసుకుంటూ ఉంది.

అరవై నాలుగు పూర్తయింది. కాగితాలు నేల మీద పడిన చప్పుడు. ‘ఇక వెళ్ళి కాగితాలు సర్దుకో.’ బూట్ల మధ్య ఎవరో వంగి ఏరుకుంటున్న సన్నని సవ్వడి. తలుపు. అక్కడ టేపు ఆగింది.

‘నిలబడి చదువు’ అన్న దగ్గరి నుంచి పదకొండు నిమిషాలు. సరిగ్గా.

హార్ట్‌విగ్ చెయ్యి జారి స్టాండు వాలింది. ఉపన్యాసం అట్టముక్కలు వాద్యకారుల కాళ్ళ మధ్య చెదిరి పడ్డాయి. ఒకటి బడ్ బూటు ముందు ఆగింది.

థెల్మా లేచి, మూడు మెట్లూ ఎక్కి, అతని ముందు నిలబడింది. అతను ఆమెను వెంటనే గుర్తుపట్టాడు.

“థెల్మా…” అన్నాడు. “నేను ముసలివాణ్ణి.”

“నేనూ ముసలిదాన్నే లైల్.” ఆమె గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. “ఇక వెళ్ళి కాగితాలు సర్దుకో.”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ వెతికినది దొరకలేదు. స్టాండు కాలు పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి దిగి, ఒక్కొక్క అట్టముక్కే ఏరుకున్నాడు. మొత్తం తొమ్మిది. తొమ్మిదోది ఇప్పుడు బడ్ బూటు కింద ఉంది. బడ్ కాలు ఎత్తలేదు. హార్ట్‌విగ్ దాని కోసం రెండుసార్లు లాగి, వదిలివేశాడు.

థెల్మా యంత్రం వైపు తిరిగింది. “ఇరవై ఎనిమిదోది పెట్టు నాయనా. మీ నాన్న పాట” అంది. తరువాత హార్ట్‌విగ్ కూతురిని చూసి తల ఊపింది.

“వచ్చి తీసుకెళ్ళమ్మా. నా లెక్క తీరింది.”